నాయనమ్మ కాదన్న పాట

పాటలు పట్టుకునే యంత్రం మా ఊరు వస్తోందని పాదిరిగారు చెప్పిన మర్నాటి నుంచి మా నాయనమ్మ పొద్దున్నే పాలల్లో పచ్చిగుడ్డు కొట్టుకుని తాగడం మొదలుపెట్టింది. గొంతుకు మంచిదనా అని అమ్మ అడిగితే, "గొంతుకేంటి మధ్యలో? కోళ్ళు కుప్పలు కుప్పలుగా పెడుతుంటే పారబొయ్యమంటావా?" అంది. ఆ వారం మా కోళ్ళు సరిగ్గా పెట్టనేలేదు.

నాయనమ్మ పేరు బైబీన్. ఆమె నాన్న తన పడవ మీద కట్టిన పాట ఒకటి ఉంది. గాలివానలో, పొయ్యిలో కాల్చే పీట్ మట్టిగడ్డలు నింపుకుని, ఆ పడవ దీవులకు ఎలా చేరిందో అందులో ఉంటుంది. అది మొదటి నుంచి చివరి దాకా వచ్చినది ఇప్పుడు నాయనమ్మ ఒక్కదానికే. పక్కింటి కోలిన్ మామయ్యకు సగం వచ్చుగాని, ఆయన పాడితే పడవ ఎప్పుడూ ఒడ్డు చేరదు. ఒకరోజు నాయనమ్మ ఆవు పాలు పితుకుతూ ఆవుతోనే అంటుంటే విన్నాను. "నేను పోయానంటే మా నాన్న పడవ కూడా నాతోనే మునుగుతుందే." నేను తలుపు వెనకే ఉండిపోయాను. ఏం మాట్లాడాలో నాకు చప్పున తోచదు.

ఆదివారం పూజ అయ్యాక, ఆ యంత్రంతో పాటలు పట్టే లోర్కన్ గారి వ్యాన్ మా వాకిట్లో ఆగింది. ఆయనది డబ్లిన్. మా భాష పుస్తకాల్లో నేర్చుకున్నారు. వ్యాన్ బ్యాటరీ నుంచి కిటికీలోంచి తీగ లాగి, యంత్రాన్ని మా బల్ల మీద పెట్టారు. మర్నాడు పొద్దున్నే పడవెక్కి దీవులకు వెళ్ళిపోతారట, మళ్ళీ ఇటు రారట.

"సంగీతము సాగుచుండగా దయచేసి నిశ్శబ్దము పాటించవలెను," అన్నారు.

"వీరి మాట బడి పుస్తకం చదివినట్టే ఉందే!" అని కోలిన్ మామయ్య నా చెవిలో గొణిగాడు. ఆయనకు సిగ్గు అనేదే లేదు. ఎవరూ అడక్కముందే పిల్లనగ్రోవి తీసి రెండు డాన్సు పాటలు వాయించేశాడు. లోర్కన్ గారు చాలా సంతోషించారు. అసలు తంటా అక్కడే వచ్చింది. ఊరంతా కోలిన్ మామయ్యలాంటి వాళ్ళే అనుకున్నారాయన.

తర్వాత నాయనమ్మ వైపు తిరిగారు. నాయనమ్మ కొత్త ఏప్రన్ కట్టుకుని పొయ్యి పక్కన కూర్చుంది.

"అమ్మా, తమరు ఒక గీతము ఆలపించెదరా?"

"నేనా? అయ్యో బాబూ, నాకు జలుబు. పాటలన్నీ ఎప్పుడో మర్చిపోయాను."

ఈ మాటకు మేమందరం కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నాం, ఇంక పాట మొదలవుతుందని. మా ఊళ్ళో అడగ్గానే ఎవరూ పాడరు. కాదంటారు, మళ్ళీ అడగాలి. గొంతు బాగాలేదంటారు, బతిమాలాలి. ఎంత బాగా పాడేవాళ్ళయితే అంత గట్టిగా కాదంటారు. చివరికి ఎవరు బతిమాలారో వాళ్ళ చెయ్యి పట్టుకుని పాడతారు.

లోర్కన్ గారు లేచి తల వంచి, "క్షమించండి. అనారోగ్యముగా ఉన్న మిమ్ము ఇబ్బంది పెట్టితిని," అన్నారు. తీగ చుట్టడం మొదలుపెట్టారు.

నాయనమ్మ పొయ్యిలోకి చూస్తూ కదలకుండా కూర్చుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆమె పాడాలనుకుంటోందని ఎవరైనా బయటికి అన్నారా, ఇక చచ్చినా పాడదు. అమ్మ ఆ సంగతి తెలిసే, "ఇంకాస్త టీ తాగి వెళ్ళండి. రొట్టె కూడా ఉంది," అంది.

"కడుపు నిండినదమ్మా."

"దారిలో వాన పట్టుకుంటుందండీ," అన్నాడు కోలిన్ మామయ్య. బయట ఎండ కాస్తోంది.

లోర్కన్ గారు నవ్వి, యంత్రం ఎత్తుకుని, తీగచుట్ట నా చేతికిచ్చి బయటికి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. ఆయన వ్యాన్ తలుపు తీశారు. తీగచుట్ట ఇమ్మని ఆయన చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు.

"ఏమమ్మాయీ?"

"నాయనమ్మకి జలుబు లేదు."

"జలుబు లేదా?"

"లేదు. కాదంటే... ఇంకా అడగమని. మీరు ఒక్కసారే అడిగారు." ఇంత చెప్పేసరికే నా మొహం కాలిపోయింది. తీగచుట్టను గుండెకు హత్తుకుని నేల చూపులు చూశాను. "నేను చెప్పానని చెప్పకండి."

ఆయన కాసేపు నా వైపు, కాసేపు ఇంటి వైపు చూశారు. తర్వాత తల మీద కొట్టుకుని, "కిందటి ఊరిలో ఇద్దరు ముసలివారు పాడలేమనిరి. ఆరోగ్యము చూచుకొనుడని చెప్పి వచ్చేసితిని!" అన్నారు.

యంత్రం మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. ఎందుకొచ్చారని ఎవరూ అడగలేదు. అమ్మ మాత్రం నాలుగు కప్పులు గబగబా కడిగింది.

"అమ్మా, ఒక్క పాట."

"చెప్పాను కదయ్యా, గొంతు బొంగురుపోయింది."

లోర్కన్ గారు నన్ను చూశారు. నేను కొంచెం తలూపాను.

"బొంగురు గొంతైనను ఫరవాలేదు."

"అబ్బే, పళ్ళు కూడా ఊడిపోయాయి."

ఆయన మళ్ళీ చూశారు, మళ్ళీ తలూపాను. ఈసారి ఆయన కుర్చీ లాక్కుని నాయనమ్మ ఎదురుగా కూర్చుని, పుస్తకం భాష వదిలేసి, "అమ్మా, పాడమ్మా. నువ్వు పాడేదాకా నేనిక్కడి నుంచి కదలను," అన్నారు.

"చూడండర్రా, ఎంత మొండివాడో!" అని నాయనమ్మ మురిసిపోయింది. "ఇంత బతిమాలుతుంటే ఏం చెయ్యను?" అని చెయ్యి చాపింది.

ఆయన ఆ చెయ్యి పట్టుకుని, ఊపి, మర్యాదగా వదిలేశారు.

కోలిన్ మామయ్య టీ పొలమారి దగ్గాడు. "వదలకు బాబూ! పట్టుకో, పాటయ్యేదాకా పట్టుకో!"

ఆయన కంగారుగా మళ్ళీ పట్టుకున్నారు. నాయనమ్మ పట్టు పాలు పితికే పట్టు, ఇక వదల్లేదు. కళ్ళు మూసుకుని, ఆయన చేతిని తాడు పేనినట్టు మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. యంత్రమేమో గదికి ఆ చివర ఉంది. ఆయన దాని వైపు చూశారు, చేతి వైపు చూశారు, నన్ను చూశారు.

"ఎర్ర మీట!" అని గుసగుసగా అన్నారు. "కుడికి!"

తిప్పాను. చక్రాలు తిరిగాయి. నాయనమ్మ పాట ఎత్తుకుంది.

లోర్కన్ గారు నిశ్శబ్దం అన్నారని, పాటంతా అయ్యేదాకా ఎవరూ కిక్కురుమనలేదు. మామూలుగా అయితే చరణం చరణానికీ శభాష్ అని అరుస్తాం. ఆ మెచ్చుకోలు మాట పెదాల దాకా వచ్చినప్పుడల్లా కోలిన్ మామయ్య టోపీతో నోరు మూసుకున్నాడు. లోర్కన్ గారి చెయ్యి అలల మీద తెడ్డులా ఆడింది. గాలి లేచింది, తెరచాప చిరిగింది, పడవ ఒడ్డుకు చేరింది. చివరి మాటలు నాయనమ్మ పాడకుండా, మామూలుగా చెప్పేసి కళ్ళు తెరిచింది. మా ఊళ్ళో పాట దించడం అలాగే.

లోర్కన్ గారు చెయ్యి విదిలించుకుంటూ లేచి, చక్రాలు వెనక్కి తిప్పి, నాయనమ్మ పాటను ఆమెకే వినిపించారు. పెట్టెలోంచి గొంతు రాగానే అమ్మ సిలువ గుర్తు వేసుకుంది. మొదటి చరణం అయింది. అందరం చేతులు కట్టుకుని కూర్చున్నాం.

నాయనమ్మకు కోపం వచ్చింది. "ఏమర్రా, ఆవిడ పాపం అంత కష్టపడి పాడుతుంటే ఒక్కరూ మాట పలకరేం? ఎవరింటికొచ్చి పాడుతోందనుకుంటుంది?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటే గొంతు కూడా బయటికి వచ్చేసింది. "శభాష్ బైబీన్! నీ గొంతు చల్లగుండ!" అని అరిచాను, ఊరంతా వినపడేంత గట్టిగా.

కోలిన్ మామయ్య నన్ను చూసి నోరు తెరిచాడు. నాయనమ్మ చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది. పెట్టెలోని బైబీన్ నా మాట విన్నట్టే, రెండో చరణం ఇంకాస్త పైకి ఎత్తుకుంది.