షిగెమి గెలవాల్సిన ఆట

ఇరవై రెండేళ్లుగా షిగెమి ఓడిపోతూనే ఉంది. జనం టికెట్ కొని చూసే ఆడవాళ్ల కుస్తీలో అదే ఆమె ఉద్యోగం. ఎవరు గెలవాలో కంపెనీ యజమానురాలు కురాతా ముందే చెప్పేస్తుంది. ముందే తేలిపోయింది కదా, ఇక దెబ్బలెక్కడివి అనేవాళ్లు ఒక్కసారి ఆ రింగు చెక్కల మీద వెల్లకిలా పడి చూడాలి, అప్పుడు మాట్లాడాలి. గెలిచే అమ్మాయి మెరవాలంటే ఓడేది బాగా పడాలి. షిగెమిలా పడేవాళ్లు జపాన్‌లోని ఆ నీగాటా మొత్తంలో లేరు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె చివరి ఆట. రిటైరయ్యే మనిషి ఆఖరి రోజున చిన్నవాళ్లకు ఓడి వెళ్లడం వాళ్ల ఆనవాయితీ. కురాతా వారం ముందే దాన్ని పక్కన పెట్టేసింది.

"ఈసారి నువ్వే గెలువు. ఇన్నేళ్లు పడ్డావు, చాలు," అంది.

షిగెమి ఆ సాయంత్రమే తల్లికి ఫోన్ చేసి ఫలితం చెప్పేసింది. బయటివాళ్లకు ఫలితం చెప్పడం ఈ వృత్తిలో క్షమించరాని తప్పు. కానీ తల్లి తొమియే ఒక్కసారి కూడా ఆటకు రాలేదు. "నా కూతుర్ని ఎవరో తంతుంటే టికెట్ కొనుక్కుని మరీ చూడాలా?" అనేది.

"ఈసారి గెలుస్తానమ్మా. రా."

"ఒట్టు?"

"ఒట్టు."

"సరే, వస్తాను. ఆ పసుపు బట్టలు కాస్త ఒంటి నిండా ఉండేవి వేసుకో."

ఎదురు నిలబడేది రింకా. పందొమ్మిదేళ్లది. కొత్తగా వచ్చే అందరిలాగే పెద్దవాళ్ల సంచులు మోస్తోంది, రెండేళ్లుగా షిగెమి బట్టలు ఉతుకుతోంది.

"మెత్తగా కొట్టావంటే అందరి ముందూ చెవి మెలేస్తాను," అంది షిగెమి.

"మీ మెడ అసలే బాగాలేదు కదక్కా."

"మెడ నాది. నీకెందుకే బెంగ?"

షిగెమి రింగులోకి రాగానే హాలు నలుమూలల నుంచీ అభిమానులు విసిరిన పసుపు కాగితపు రిబ్బన్లు వచ్చి పడ్డాయి. తొమియే రెండో వరుసలో, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పదిహేనో నిమిషంలో షిగెమి రింకాను ఎత్తి పడేసి, మీద వాలింది. మూడు లెక్కపెట్టేలోగా కిందున్న మనిషి భుజం లేపకపోతే ఓటమే. ఇక్కడితో అయిపోవాలి. రిఫరీ నేల చరిచాడు. ఒకటి. రెండు. సరిగ్గా అప్పుడే షిగెమి వేళ్లు రింకా చేతిని రెండుసార్లు నొక్కాయి. తను మీద వాలినప్పుడల్లా, భుజం లేపు అని కింద ఉన్న చిన్నవాళ్లకు చెప్పే నొక్కు అది. ఇరవై రెండేళ్ల అలవాటు ఆమెను అడగలేదు. చెప్పిన మాట వినే పిల్ల కనుక రింకా లేపేసింది.

హాలు ఊగిపోయింది. "రింకా, రింకా" అని జనం అరిచారు. ఆ పేరు అరవడం అదే మొదటిసారి.

"తప్పు చేశానా అక్కా?" రింకా గుసగుసగా అడిగింది.

"నువ్వు కాదు. నేను."

దిద్దుకోవడం ఎంతసేపు, ఇంకోసారి ఎత్తి పడేస్తే చాలు. షిగెమికి గెలవాలని ఎంతగానో ఉంది. కానీ ఇప్పుడు గెలిస్తే ఆ అరుపులు ఆగిపోతాయి. పిల్ల రేపటి నుంచి మళ్లీ సంచులు మోసే పిల్లే. ఆమె రెండో వరుస వైపు చూడలేకపోయింది.

"నన్ను ఎత్తి వెయ్యి," అంది షిగెమి, రింకా చెవిలో.

"కురాతా మేడమ్ చంపేస్తారు."

"నేను చూసుకుంటాను. వెయ్యి."

రింకా ఎత్తింది. షిగెమి తన జీవితంలోకెల్లా అందంగా పడింది. మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా కళ్లు మూసుకుంది.

ఆమె రిటైర్మెంటుకు గుర్తుగా వీడ్కోలు గంటలు మోగాయి, కురాతా భుజం తట్టి వెళ్లిపోయింది, కుర్చీలు ఖాళీ అయ్యాయి. తొమియే మెల్లగా నడుచుకుంటూ వచ్చింది.

"గెలుస్తానన్నావు."

"అన్నానమ్మా. కుదరలేదు."

"ఇన్నాళ్లూ తన్నులు తినడమే నీ పని అనుకున్నాను." తల్లి ఆమె కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుంది. "ఆ పిల్ల పడిన ప్రతిసారీ దాని తల కింద ఈ చెయ్యి ఉంది. ఒక్కసారి కూడా తప్పలేదు. నేను చూస్తూనే ఉన్నాను."

రింగులో వేలసార్లు ఏడుపు నటించిన షిగెమికి, నిజం ఏడుపు వచ్చేసరికి ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.