వెలివేసినవాడి సాక్ష్యం

దైవాశీర్వాదానికి దేవుడి మీద నమ్మకం లేదు. పేరు అమ్మానాన్నలు పెట్టారు, ఆయన్నేం అడిగి పెట్టలేదు. తెనాలి పక్కన బళ్లో మాస్టరుగా ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు పార్టీ కుర్రాళ్లకి రాజకీయ తరగతులు చెప్పేవాడు. కూతురు పుడితే రోదసిలోకి ఎగిరిన రష్యా మనిషి పేరు, వాలెంటీనా అని పెట్టుకున్నాడు. ఆ వాలెంటీనా ఇప్పుడు అమెరికాలో, సన్నీవేల్‌లో ఇంజనీరు. ఆఫీసులో అందరికీ టీనా. ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనుక్కుని, అమ్మానాన్నల్ని తెచ్చుకుని, ఇద్దరికీ గ్రీన్‌కార్డుకి అప్లై చేసింది.

కరుణమ్మకి కార్డు వచ్చేసింది. దైవాశీర్వాదం బండి మాత్రం ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. మీరెప్పుడైనా కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారా అని అమెరికా ప్రభుత్వం అడిగింది. లేను అని రాసేస్తే గొడవ వదిలేది, చాలామంది చేసేది అదే. ఈయన అవునని రాసి ఊరుకోకుండా, కింద గీత కూడా గీశాడు.

లాయరు ఇషా ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఓపిగ్గానే చెప్పింది.

"ఓల్డ్ మెంబర్‌షిప్ అయితే ప్రాబ్లం కాదు అంకుల్. మీరు ఎప్పుడు బయటికి వచ్చారు, అది చెప్తే చాలు."

"నేను బయటికి రాలేదమ్మా. బహిష్కరించారు, తొంభై ఒకటిలో."

"గ్రేట్!" అంది ఇషా. ఆ మాటకి అలా సంబరపడిన మనిషిని ఆయన జీవితంలో చూడలేదు.

"గ్రేటేం కాదు. ఆ బహిష్కరణ చెల్లదు. నిబంధనావళి ప్రకారం ముందు నా సంజాయిషీ అడగాలి. అడగలేదు. కాబట్టి న్యాయంగా చూస్తే నేను ఇప్పటికీ సభ్యుణ్ణే."

ఇషా పెన్ను కింద పెట్టేసింది. వాలెంటీనా తల పట్టుకుంది. "నాన్నా, నీకు దణ్ణం పెడతాను. ఇంటర్వ్యూలో ఆఫీసర్ ముందు ఆ ముక్క అనకు. రిజెక్ట్ చేస్తే ఇంక వెళ్లిపోవడమే."

వెళ్లిపోవడమంటే ఒంటరిగా వెళ్లిపోవడం. కరుణమ్మ ఆ విషయం ముందే తేల్చేసింది. "మీరెళ్తే వెళ్లండి. నాకిక్కడ ప్రార్థన మందిరం ఉంది, మనవరాలుంది. యాభై ఏళ్లు మీ వెనకాలా, మీ పార్టీ గొడవల వెనకాలా తిరిగాను, ఇంక నా వల్ల కాదు." మనవరాలు అబిగేల్‌కి ఎనిమిదేళ్లు. తాత దగ్గర పడుకుంటే తప్ప నిద్రపోదు. తాతకీ అంతే, కాకపోతే ఆయన పైకి ఒప్పుకోడు.

ఇంతకీ ఆయన చేసిన నేరం ఏమిటంటే, కళ్లతో చూసింది నోటితో చెప్పడం. తొంభై ఒకటి మొదట్లో పార్టీ ఆయన్ని ఒక బృందంతో మాస్కో పంపింది. అక్కడ సబ్బుల కోసం పొడుగాటి క్యూ చూశాడు. మాస్టారు కదా, కొట్లో సబ్బులు లేకపోవడం కన్నా క్యూలో మనుషుల్ని ఎక్కువ గమనించాడు. తిరిగొచ్చి తరగతిలో ఉన్నదున్నట్టు చెప్పాడు. "అక్కడ ముసలివాళ్లు ఇప్పటికీ నోరు తెరిచే ముందు వెనక్కి చూసుకుంటున్నారు. కుర్రాళ్లు చూసుకోవడం మానేశారు. ఇన్నాళ్లూ నోళ్లు కుట్టేసి, ఇప్పుడు సంస్కరణలంటూ దారం విప్పారు. విప్పాక మళ్లీ కుట్టలేరు, విప్పకుండా ఉన్నా బతకరు. ఇది కూలిపోతుంది కామ్రేడ్స్."

వారం తిరక్కుండానే జిల్లా కార్యదర్శి కృష్ణమోహన్ సమావేశం పెట్టి, సోవియట్ వ్యతిరేక ప్రచారం చేశాడని దైవాశీర్వాదాన్ని పార్టీలోంచి తీసేశాడు. ఆ ఏడాది చలికాలానికల్లా సోవియట్టే లేకుండా పోయింది. బహిష్కరణ మాత్రం గట్టిగా నిలబడింది. పాత స్నేహితులు రోడ్డు మీద ఎదురైతే అవతలి వైపుకి మారేవాళ్లు. "నువ్వు చెప్పింది నిజమే మాస్టారూ" అని ఒక్కడంటే ఒక్కడు అనలేదు. ఆ ఒక్క మాట కోసం ఆయన ఇన్నేళ్లూ ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"తీసేసినట్టు ఎవరైనా ఒక స్టేట్‌మెంట్ ఇస్తే స్ట్రాంగ్‌గా ఉంటుంది అంకుల్," అంది ఇషా. పార్టీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, పాత కాగితాలు చెదలు తినేశాయన్నారు.

"ఇచ్చేవాడు ఇక్కడే, పక్కనే శాన్ రామన్‌లో ఉన్నాడు కదండీ," అంది కరుణమ్మ. "మీ కృష్ణమోహన్. కొడుకింట్లో ఉంటున్నాడు. మొన్న ఇండియన్ షాపులో బెండకాయలు విరుస్తుంటే చూశాను. నిక్కరేసుకున్నాడు."

వెలివేసినవాడి గుమ్మం ఎక్కి, అయ్యా మీరు నన్ను సక్రమంగానే వెలివేశారని రాసివ్వండి అని అడగడం కన్నా విషం మింగడం నయం. దైవాశీర్వాదం రెండు పూటలు అన్నం మానేశాడు. మూడో పూట అబిగేల్ వచ్చి, "తాతా, నువ్వు ఇండియా వెళ్లిపోతావ్?" అని అడిగింది. లేచి చొక్కా వేసుకున్నాడు.

కృష్ణమోహన్ ఎంతో ఆప్యాయంగా లోపలికి పిలిచాడు. కాఫీ తెచ్చాడు. మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడాడు. వచ్చిన పని చెప్పేసరికి మొహం మాడిపోయింది. గబగబా లేచి, బల్ల మీద మనం అన్నది విని పాటలు పాడే గుండ్రటి స్పీకరు వైరు పీకేశాడు. గుమ్మానికున్న కెమెరా వైపు ఒకసారి చూశాడు. దైవాశీర్వాదాన్ని చెయ్యి పట్టుకుని గరాజ్‌లోకి తీసుకెళ్లి తలుపు వేశాడు.

"దైవం, నేను నో అని పెట్టాను," అన్నాడు గొంతు తగ్గించి.

"దేనికి?"

"ఆ క్వశ్చన్‌కి. పార్టీలో నేనెప్పుడూ లేనని."

"మీరా? జిల్లా కార్యదర్శి మీరైతే..."

"నెమ్మదిగా! నిన్ను బహిష్కరించానని రాసిచ్చాననుకో, ఈ దేశం నన్ను బహిష్కరిస్తుంది."

దైవాశీర్వాదానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పార్టీలో లేనివారు నన్నెలా తీసేశారండీ?"

"అదేగా నువ్వు మొదట్నుంచీ మొత్తుకుంటున్నది, చెల్లదని? సరే, చెల్లదు. ఒప్పుకుంటున్నా. ఇంక నన్నొదిలెయ్."

ఏళ్ల తరబడి కోరుకున్న ఒప్పుకోలు, కొంప ముంచే రోజున వచ్చింది. అయినా మనసూరుకోక అడిగాడు. "పోనీ, కూలిపోతుందని నేనన్నది నిజమైంది కదా? అప్పుడైనా ఒక్క మాట అనకపోయారా?"

"నిజమే కావచ్చు. కానీ పార్టీకి తెలియకముందే నీకు తెలియడం క్రమశిక్షణ కాదు," అన్నాడు కృష్ణమోహన్. అనేసి, మూసి ఉన్న గరాజ్ తలుపు వైపు వెనక్కి చూసుకున్నాడు.

దైవాశీర్వాదానికి ఆ చూపు బాగా గుర్తుంది. సబ్బుల క్యూలో చూసిన చూపే. ఆయనకి కోపం పోయి జాలేసింది. జాలెయ్యడం కోపం కన్నా కష్టంగా ఉంది.

ఇంటర్వ్యూ రోజున కరుణమ్మ ప్రార్థన చేసి, ఆయన నుదుటి మీద నూనె రాసింది. తుడుచుకోకుండా వెళ్లాడు. ఆఫీసరు తెల్లజుట్టు మనిషి. ఇషా పక్కన కూర్చుంది.

"మీ సభ్యత్వం ఎప్పుడు ముగిసింది?"

సూత్రాలూ నిబంధనావళీ అన్నీ గొంతు దాకా వచ్చాయి. అబిగేల్ మొహం గుర్తొచ్చింది. "పంతొమ్మిదివందల తొంభై ఒకటి," అని అవన్నీ దిగమింగాడు. జీవితమంతా చేసిన వాదన ఆ ఒక్క జవాబుతో ఓడిపోయింది.

"ఎవరు తీసేశారు? ఆయన సాక్ష్యం ఇవ్వగలడా?"

ఒక్క పేరు చెబితే చాలు. శాన్ రామన్ ఇక్కడికేం దూరం కాదు. చచ్చేంత కోపం ఉన్నన్నాళ్లూ ఆ పేరు పగబట్టినట్టు తలుచుకున్నాడు. ఇప్పుడు నాలిక మీద దాకా వచ్చింది కానీ, గరాజ్‌లో వెనక్కి చూసుకున్న ఆ ముసలి చూపు అడ్డం వచ్చింది.

"ఆ కార్యదర్శి ఇప్పుడు లేడండీ," అన్నాడు. ఆలోచిస్తే అది అబద్ధమేం కాదు.

ఆఫీసరు తలూపి, పెన్ను ఆడిస్తూ, "ఎందుకు తీసేశారు?" అని అడిగాడు.

"సోవియట్ యూనియన్ కూలిపోతుందని చెప్పాను."

"ఎప్పుడు చెప్పారు?"

"అది కూలడానికి కొన్ని నెలల ముందు."

ఆఫీసరు ఫక్కున నవ్వి ఏదో అన్నాడు. దైవాశీర్వాదానికి ఇంగ్లీషు రాక కాదు, అప్పటిదాకా జవాబులన్నీ ఇంగ్లీషులోనే చెప్పాడు, ఇప్పుడూ ప్రతి ముక్కా అర్థమైంది. అయినా ఇషా వైపు తిరిగాడు.

"ఏమన్నారమ్మా? తెలుగులో చెప్పు."

"మీరు చెప్పింది నిజమే అయింది కదా, అంటున్నారు అంకుల్."

దైవాశీర్వాదం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కార్డు ఇస్తున్నామని ఆఫీసరు చెబుతున్నా వినిపించుకోలేదు. ఆయన ఏడుస్తున్నాడు.

"ఇంకొక్కసారి చెప్పమ్మా," అన్నాడు.