లింకు వరసలో ముందున్న పేరు

జూలై వాన వాల్దీవియా పట్టణాన్ని వదలడం లేదు. సునామీ వస్తే నీళ్లు ఎందాకా ఎక్కుతాయో చెప్పే ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామును నొయేలియా మళ్లీ నడిపింది. తెరమీద అంకెలకన్నా ముందు అదే మాట పడింది.

"ఇక్కడే ఉండు. వచ్చేస్తాను."

అది ఆఫీసులో ఆమెతో పనిచేసిన పెద్దాయన డాన్ ఎలియోదోరో మాట. సముద్రపు లోతుల లెక్క రాసింది ఆయనే. ఆ లెక్క నడిచినప్పుడల్లా ఆ మాట కనిపించేది. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఆయన పోయి ఏడాదైంది. పోయిన వారం ఆయన లెక్కకు బదులు కొత్త లైబ్రరీ, అంటే సిద్ధంగా దొరికే లెక్కల కట్ట, తెచ్చి పెట్టింది నొయేలియానే. అయినా మాట పోలేదు. తెరమీద పిద్రె రేవులో నీళ్లు అక్కడి బడి మెట్లెక్కడం మానలేదు.

"ముసలాయన కుర్చీ ఖాళీ చేసేట్టు లేడే!" అన్నాడు పై అధికారి ఒస్వాల్దో, పూరీలాంటి వేడి సోపాయిపియా కొరుకుతూ. "దయ్యం వదిలించడానికి పాద్రీని పిలిపించమంటావా?"

"నవ్వకండి సార్. నాకు నిజంగానే భయమేస్తోంది."

"భయం తర్వాత పడుదువుగాని. బడి మునుగుతుందని మ్యాపు పంపితే పిద్రె వాళ్లు నన్ను ముంచేస్తారు."

ప్రోగ్రామంతా చెరిపి మొదటినుంచి కట్టింది. మళ్లీ అదే మాట. చివరికి ముక్కలన్నిటినీ కలిపి లింకు చేసే ఆజ్ఞను చదివితే సంగతి తెలిసింది. ఆటుపోట్ల లెక్క కోసం ఆయన రాసిన పాత లైబ్రరీని కూడా తనే వరసలో ఉంచింది, అదీ కొత్తదానికి ముందు. రెండింట్లోనూ లోతుల లెక్కకు ఒకటే పేరు. లింకరు ముందు దొరికినదాన్ని అతికించి, రెండోదాని జోలికి పోలేదు.

వరస మార్చింది. మాట మాయమైంది. నీళ్లు బడికి చాలా కిందనే ఆగిపోయాయి. ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి, ఎవరి నోరో చేత్తో మూసినట్టు ఆమె మనసు కలుక్కుమంది. రెండు లెక్కల్లోని లోతులు పక్కపక్కన పెట్టి చూసింది. ఆయన లెక్కలో బడి వెనక నీళ్లలో ఒక లోతైన గండి ఉంది. కొత్తదాంట్లో లేదు.

మర్నాడు బస్సెక్కి పిద్రెలో ఆయన భార్య డోన్యా ఎల్బా దగ్గరికి వెళ్లింది.

"గండి లేకేం?" అంది ముసలామె, పొయ్యిలో కట్టె తోస్తూ. "పడవలోంచి తాడు వదిలి కొలిచింది మేమిద్దరమేగా."

"మరి 'ఇక్కడే ఉండు, వచ్చేస్తాను' అని లెక్కలో రాసిన మాట?"

ముసలామె ఇంకో కట్టె అందుకుంది.

"తమ్ముడితో అన్నాడు, బిడ్డా. పందొమ్మిది వందల అరవైలో పెద్ద అల వచ్చినప్పుడు. వాణ్ణి దిబ్బమీద నిలబెట్టి, అమ్మను తీసుకురావడానికి కిందికి పరిగెత్తాడు. దిబ్బ ఎత్తైనదే. నీళ్లు గండిలోంచి వెనకగా వచ్చాయి."

"ఏ దిబ్బ?"

"ఇప్పుడు బడి కట్టింది దానిమీదే."

నొయేలియా బయటికి వచ్చింది. బడి ముందు పిల్లలు బంతి ఆడుతున్నారు. వెనక రెల్లుపొదల్లోకి నల్లటి నీళ్లు చప్పుడు లేకుండా జారుకుంటున్నాయి.

తిరిగొచ్చి చెబితే ఒస్వాల్దో ఒప్పుకోలేదు. "సర్వేలో లేని గండిని చచ్చినవాడి మాట మీద నమ్మమంటావా?"

"నమ్మొద్దు సార్. వచ్చి కొలవండి."

ఇద్దరూ పడవలో వెళ్లారు. బడి వెనక ఒస్వాల్దో సీసపు గుండు కట్టిన తాడు వదిలాడు. అది దిగుతూనే ఉంది. చేతిలో తాడు చుట్ట తరిగేకొద్దీ ఆయన మొహం పాలిపోయింది.

"చాల్లే, ఇక్కణ్ణుంచి పోదాం పద," అన్నాడు గొంతు తగ్గించి.

పాత లైబ్రరీనే ముందుంచి లింకు చేసి, మ్యాపులో బడికి మునిగే చోటని ఎరుపు రంగు వేసి పంపారు. ఊరివాళ్లు తిట్టిపోశారు. అయినా కొత్త చదువుల ఏడాదికి మార్చిలో బడి కొండమీది రేకుల షెడ్డులో తెరుచుకుంది. ఆ తర్వాత నొయేలియా పిద్రెకు చాలాసార్లు వెళ్లింది కాని, బడి ఖాళీ చేసిన దిబ్బ పక్కనుంచి ఒంటరిగా మాత్రం నడవలేదు.