పాల క్యానుకు సరితూకం

కుప్పమ్మకు ఎనిమిదేళ్లు నిండాయి గానీ, ఆమె చూసిన లోకమంతా వాళ్లమ్మ నాగరత్నమ్మ చంకనెక్కి చూసిందే. పసితనంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ రెండు కాళ్లలోని సత్తువనూ పట్టుకుపోయింది. నోరు మాత్రం ఇద్దరు పిల్లలకు సరిపడా ఉందని నాగరత్నమ్మ మురిపెంగానే విసుక్కునేది. తిండి దగ్గరే ఆ పిల్లతో వేగలేకపోయేది. సంగటి ముద్ద సగమయ్యేసరికి చాలంటుంది. బెదిరించినా బుజ్జగించినా ఆపైన ఒక్క పిడచ దిగదు.

ఎత్తుకుని వీధి చివరిదాకా పోయేసరికి తల్లికి నడుము పట్టేసేది. "ఏం బరువే తల్లీ" అని నిట్టూర్చి చంక మార్చుకునేది. పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లంతా అనే మాటే కదా, అని మరిచిపోయేది.

బడి పలమనేరులో ఉంది. ఊళ్లో పిల్లలు సంచులు తగిలించుకుని గుంపుగా నడిచిపోతుంటే కుప్పమ్మ అరుగు మీద కూర్చుని, వాళ్లు అరుచుకుంటూ పోయే ఎక్కాలన్నీ విని నేర్చేసుకుంది. వాళ్లు తప్పు చెప్తే అరుగు మీద నుంచే దిద్దేది. ఎవరూ ఆగి మాట్లాడింది లేదు. ఆ సంగతి పిల్ల కంటే తల్లినే ఎక్కువ బాధించేది.

ఆ యేడు నాగరత్నమ్మ పట్టుబట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుపోయి బడి పెద్దయ్యోరు దామోదరం ముందు కూర్చోబెట్టింది. పదమూడో ఎక్కం గడగడా చెప్పేసరికి ఆయన కళ్లజోడు తీసి నవ్వాడు. చేర్చుకుంటానన్నాడు. అయితే రోజూ తేవాలి, సాయంత్రం గంట కొట్టగానే తీసుకుపోవాలి అన్నాడు. "నాలుగు రోజులు పంపి మానేస్తే ఆ పిల్ల మనసు విరిగిపోతుందమ్మా. దానికంటే పంపకపోవడమే మేలు" అని మెల్లగా చెప్పాడు. ఆ మాట నాగరత్నమ్మ గుండెలో ముల్లులా దిగింది.

రోజూ బస్సంటే మాటలు కాదు. సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెడితే పట్టు లేని కాళ్లు చక్రంలోకి పోతాయి. అప్పుడు బుర్రకు పని చెప్పినవాడు మొగుడు చిన్నబ్బ. ఇంటింటా పాలు పోయించుకుని రెండు పూటలా పలమనేరు పాలకేంద్రానికి చేరవేసేవాడు. సైకిలు వెనక చక్రానికి అటొకటి ఇటొకటి క్యాన్లు పెట్టుకునే ఇనుప చట్రాలున్నాయి. ఎడమ చట్రంలో క్యాను తీసేసి మేదరి గంప దించితే? పాలకేంద్రం బడికి ఎదురుగానే ఉందాయె.

మేదరి మునివెంకటప్ప వీపు ఆనుకునేలా ఎత్తుగా గంప అల్లిచ్చాడు. ఇక రెండు పక్కలా తూకం కుదరాలి. చిన్నబ్బ దూలానికి కాడి వేలాడదీసి, ఒక కొసకు కూతురిని, ఇంకో కొసకు పాల క్యానును కట్టి, కొండ మీద తులాభారంలాగా తూచాడు. బిడ్డనెవరైనా పాలతో తూస్తారా అని నాగరత్నమ్మ దెబ్బలాడింది గానీ, కాడి అటూ ఇటూ ఒరగకుండా నిలిచేసరికి తానే నవ్వేసి, గంపలోకి మెత్తగా బొంత కుట్టడానికి కూర్చుంది. పాలవాడు నీళ్లు కలుపుతాడని ఊరంతా అంటుంది కదా, చిన్నబ్బ ఏకంగా క్యాను నిండా నీళ్లే పోసి, కూతురిని గంపలో పెట్టుకుని, పలమనేరు దాకా పోయి వచ్చాడు. సైకిలు జంకలేదు.

బడి మొదలైన రోజు పొద్దున పాల క్యాను ఒక పక్క, పలకతో కుప్పమ్మ ఒక పక్క, దొరసానిలా పోయింది. సాయంత్రం మనసాగక నాగరత్నమ్మ బస్సెక్కి బడి దగ్గరికి పోయింది. గంట కొట్టారు. చిన్నబ్బ అప్పుడే సాయంత్రం పాలు పోసి వచ్చాడు. గంపలో పెట్టి తెచ్చిన రెండో క్యానును వెనక క్యారియరు మీద కట్టి, కూతురిని గంపలో కూర్చోబెట్టి, స్టాండు తీశాడు. అంతే, సైకిలు ఎడమ పక్కకు ధబేలున పడింది, దాంతో పాటు చిన్నబ్బా పడ్డాడు. మహానుభావుడు నిండు క్యానుతో తూచాడే గానీ, సాయంత్రానికి అది ఖాళీ అవుతుందన్న సంగతి మరిచాడు. పొద్దస్తమానం పాలు మోసేవాడికి ఆ మాత్రం తోచకపోవడం చూడండి.

బొంత పుణ్యమా అని పిల్లకు దెబ్బ తగల్లేదు. కానీ బడి పిల్లలంతా ఘొల్లుమన్నారు. నాగరత్నమ్మకు ఒళ్లు మండిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లను లాక్కుని ఎత్తుకుని, రేపటి నుంచి బడీ వద్దు ఏమీ వద్దంది. పెద్దయ్యోరు అన్నంతా అయిందనుకుంది.

కుప్పమ్మ మాత్రం దుమ్ము దులుపుకుంటూ తండ్రిని చూసింది. "ఆ పక్క ఏమీ లేకుండా నేనొక్కదాన్నే ఎట్ల నిలబెడతా నాయనా?"

పిల్లలు మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వింది కుప్పమ్మతో కలిసి. క్యానులో నీళ్లు నింపుదామంటే ఆ యేడు వానల్లేక పంపు దగ్గర బిందెల బారు వీధి మలుపు దాటింది. చిన్నబ్బ బుర్ర గోక్కుంటుంటే, వాళ్ల ఊరి దొరస్వామి కూతురు, బొద్దుగా ఉండే శకుంతల ముందుకొచ్చింది.

"మామా, ఆ పక్క నేను కూసుంటా. ఊరి దాకా నడిసేది తప్పతాది."

ఆ పక్క ఖాళీ క్యాను కూడా క్యారియరు మీదికెక్కింది, శకుంతల చట్రంలోకి దిగింది. కుడి పక్కకు కాస్త ఒరిగినా సైకిలు కదిలింది. వెనకాల ఊరి పిల్లలంతా రేపు నేనంటే నేనని కొట్లాడుకుంటూ పరుగెత్తారు. ఏనాడూ అరుగు దగ్గర ఆగనివాళ్లు ఇప్పుడు కుప్పమ్మను బతిమాలుతున్నారు. నాగరత్నమ్మ బస్సు మాట మరిచి, నవ్వుకుంటూ ఆ గుంపుతో ఊరి దాకా నడిచింది.

ఆదివారం చిన్నబ్బ ఇంట్లో మళ్లీ కాడి వేలాడింది. ఒక కొసన కుప్పమ్మ, ఇంకో కొసకు ఒక్కొక్కరే పిల్లలు. ఎవరు సరితూగితే వాళ్లకే వంతు. తీర్పు చెప్పేది కుప్పమ్మ. కొందరు తేలిపోయారు. శకుంతల మరీ బరువైపోయి ఏడుపు మొహం పెట్టింది.

ఆ సాయంత్రం అన్నాలప్పుడు కుప్పమ్మ ముద్దంతా తినేసి పళ్లెం ముందుకు జరిపింది.

"ఇంగొంచెం సంగటి పెట్టుమా. నేను బరువైతేనే శకుంతలకు వంతొస్తాది."

నాగరత్నమ్మ గరిటె ఆగిపోయింది. ఇన్నాళ్లూ సగం ముద్దకే చాలని ఎందుకన్నావని అడిగింది.

"నీకు నడుము నొస్తాది గదా" అంది కుప్పమ్మ, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు. "ఇప్పుడు సైకిలు మోస్తాది లే మా."

నాగరత్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, చిన్నబ్బకు ఉంచిన ముద్ద కూడా తెచ్చి కూతురి పళ్లెంలో పెట్టింది.