మెట్టెల కాలికి కుదిరిన పెడల్

నేను ఒక పెడల్‌ని. పెడల్ అనగానే మీ ఆలోచన సైకిలు మీదికో కుట్టుమిషను మీదికో పోతుందని నాకు తెలుసు. వాళ్లు మా దూరపు చుట్టాలు. వాళ్లను తొక్కితే మనిషి ఊరు చేరతాడు, లేదా జాకెట్టు తయారవుతుంది. నన్ను తొక్కితే ఎలక్ట్రిక్ గిటారు శబ్దం పెరుగుతుంది, మడమ దించితే తగ్గుతుంది. అంతే నా ఉద్యోగం. పేరు వాల్యూమ్ పెడల్. "గిటారు మీదే వాల్యూమ్ మర ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?" అని నా మొహం మీదే అడిగినవాళ్లున్నారు. వాయించే మనిషికి ఉన్నవి రెండే చేతులు, ఆ రెండూ తీగల మీదే ఉంటాయి. మిగిలింది కాలు. అది తాళం వేసుకుంటూ హాయిగా ఉండేది, కానీ మనిషి దేన్నీ ఖాళీగా కూర్చోనివ్వడు కదా!

హైదరాబాదు బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డు నా పుట్టిల్లు. పాత అల్యూమినియం సామాను కరిగించి నన్ను పోతపోశారు. పూర్వజన్మలో నేను సగం ఇడ్లీ పాత్రననీ, సగం ఫ్యాను రెక్కననీ పనివాళ్లు నవ్వుకోగా విన్నాను. నా పొట్టలో చిన్న గిలక, దానికి చుట్టిన తాడు ఉంటాయి. పాదం నొక్కితే తాడు లాగుతుంది, గిలక తిరుగుతుంది, దానితోపాటు లోపలి మర తిరుగుతుంది. బావిలో నీళ్లు తోడే పద్ధతే. కరెంటు అక్కర్లేదు, మిణుకుమిణుకు దీపాల్లేవు. నెత్తిన నల్ల రబ్బరు పట్టా అంటించి, ఇక పో అన్నారు. అందంగా ఉన్నావని నన్నెవరూ అనలేదు.

మొదట నన్ను కొన్నవాడు ఇంజనీరింగు చదివే రిత్విక్. అతనిది నలుగురు స్నేహితుల రాక్ బ్యాండు. ఆ నలుగురిలో ఒక్కడికీ శబ్దం తగ్గించుకునే ఉద్దేశం లేదు. డ్రమ్ముల కంటే గిటారు, గిటారు కంటే గొంతు, గొంతు కంటే మళ్లీ డ్రమ్ములు పైకి వినపడాలి. నేను మాత్రం వేళ్ల వైపు పూర్తిగా వంగిపోయి, ఎండలో నిలబెట్టిన పిల్లాడిలా ఆ భంగిమలోనే నెలలు గడిపాను. చివరికి బ్యాండు విడిపోయింది. ఎందుకు విడిపోయిందో అడగాలా? తర్వాత కొన్నాళ్లు గది తలుపు గాలికి కొట్టుకోకుండా నన్ను అడ్డం పెట్టారు. నిజం చెప్పొద్దూ, ఆ పని నేను బాగానే చేశాను. చదువు అయిపోయాక రిత్విక్ ఇంటికి వెళ్తూ, విజయవాడ గవర్నరుపేటలో ఖాదర్ భాయ్ వాయిద్యాల దుకాణంలో నన్ను వదిలేశాడు. అక్కడ అద్దాల బీరువా అడుగు అరలో, మృదంగం తోలు ముక్కల పక్కన నాకు చోటు దొరికింది.

హైమావతి వచ్చింది అక్కడికే. ముప్పై దాటిన మనిషి, తెనాలి, భుజాన గిటారు సంచి. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి లోపలికొచ్చింది. కూర్చోకుండానే తన కష్టమంతా చెప్పేసింది.

తెనాలిలో బెనర్జీ అనే ఆయనకు ఆర్కెస్ట్రా ఉంది. అసలు సిసలు తెలుగువాడే. తండ్రికి ఆ పేరు నచ్చి పెట్టాడు. ఆయన కీబోర్డు వాయిస్తాడు, హైమ గిటారు, ఆమె తండ్రి బలరామయ్య మాస్టారు వయొలిన్. పెళ్లిళ్లలో అప్పగింతల పాట మాస్టారి సొత్తు. ఆ వయొలిన్ మొదలైతే పెళ్లికూతురు తల్లే కాదు, సామాను లెక్క చూసుకుంటున్న షామియానా వాళ్లు కూడా ముక్కు ఎగబీల్చేవారట. ఇప్పుడు మాస్టారి కుడిచేయి వణుకుతోంది. తీగల మీద లాగే కమాను పట్టడం మానేశాడు. బెనర్జీ కీబోర్డులో వయొలిన్ బటన్ ఉంది. అప్పగింతలకు అది నొక్కుతానన్నాడు. గిటారు బటన్ కూడా పక్కనే ఉంది మరి! అంటే ఇవాళ తండ్రి కుర్చీ, రేపు కూతురి కుర్చీ.

"అప్పగింతలు నేను గిటారు మీద ఏడిపిస్తానన్నానండీ," అంది హైమ. "ఆయన నవ్వాడు. గిటారు టింగుమంటుంది, ఏడవదు అన్నాడు. సరే, మాస్టారు విని ఇది పనికొస్తుందంటే నీ కుర్చీ నీదే, లేదంటే బటనే అన్నాడు. మా నాన్న నా మొహం చూసి ఒక్క ముక్క అబద్ధం ఆడడు. ఆ టింగు పోవాలి, అంతే!"

ఖాదర్ భాయ్ తల ఊపాడు. "టింగు పోదమ్మా, దాక్కుంటుంది. మడమ దించి శబ్దం మూసెయ్. తీగ మీటు. మీటిన దెబ్బ ఎవరికీ వినపడదు. అప్పుడు మెల్లగా వేళ్లు నొక్కుకుంటూ రా. స్వరం గాల్లోంచి పుట్టినట్టు వస్తుంది. పెడల్ ఎవరిదైనా వాడి చూశావా?"

"బెనర్జీ గారి కీబోర్డు పెడల్ అడిగి తెచ్చుకున్నా. గిటారుకి జలుబు చేసినట్టయింది."

"అవుతుంది మరి. కీబోర్డుది గట్టి గొంతు, గిటారుది సన్న గొంతు. దానికి చేసిన పెడల్ దీనికి పెడితే పైస్థాయి మొత్తం మింగేస్తుంది. గిటారుకి చేసిందే చూపిస్తా, ఉండు."

వరసగా పెట్టాడు. మొదటిది విదేశీ సుందరి, నీలం దీపాలు. తొక్కితే చాలాసేపు ఏమీ లేదు, చివర్లో ఒక్కసారి గుప్పుమంది. "ఇది ఏడవడం కాదండీ, ఉలిక్కిపడటం," అంది హైమ. రెండోదానికి నెత్తిన ఉప్పుకాగితం లాంటి గరుకు పట్టా. బూటు జారకుండా అట. హైమ పాదం పెట్టి చురుక్కుమని తీసేసింది.

"చెప్పులేసుకుని తొక్కి చూడమ్మా."

"స్టేజీ మీద చెప్పులెక్కడివండీ? వాయిద్యాలకి బొట్టు పెట్టి కదా కూర్చుంటాం!"

ఖాదర్ భాయ్ ఆలోచనలో పడ్డాడు. ఇన్నేళ్లుగా పెడళ్లు అమ్ముతున్నాడు గానీ, బూటు లేని పాదం గురించి ఎవరూ అడిగినట్టు లేదు. మూడోది నున్నటి స్టీలు. పాదానికి హాయిగానే ఉంది, స్వరమూ వంకలేకుండా ఎదిగింది. కానీ వేళ్లు నొక్కినప్పుడల్లా హైమ వెండిమెట్టె దానికి తగిలి టిక్కుమంది. గిటారు టింగు పోగొట్టబోతే కాలి టిక్కు వచ్చి కూర్చుంది. మెట్టెలు తీసేయమని చెప్పే ధైర్యం ఖాదర్ భాయ్‌కి లేదు. అద్దాల బీరువా కేసి చూశాడు, అడుగు అర తెరిచాడు.

నా దుమ్ము తుడిచి నేల మీద పెట్టాడు. హైమ పాదం రబ్బరు పట్టా మీద ఆనింది. జారలేదు, గీరలేదు, మెట్టె నోరెత్తలేదు. తీగ మీటి, మెల్లగా వేళ్లు దించింది. నా గిలక తిరిగింది. సన్నగా, ఎక్కడా తొణకకుండా ఒక స్వరం లేచింది. ఎదగాల్సినంత ఎదిగి, నెమ్మదిగా మాయమైంది. అలా నాలోంచి వస్తుందని నాక్కూడా తెలియదు. తలుపుకు అడ్డంపెట్టిన రోజులు గుర్తొచ్చి నా మీద నాకే జాలేసింది.

"ఇదండీ," అంది హైమ.

"చూడ్డానికి బాగోదు."

"నేను చూసేది దాన్ని కాదుగా!"

తెనాలి ఇంట్లో నాకు స్వాగతం అంత గొప్పగా జరగలేదు. బలరామయ్య మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని నన్ను కింది నుంచి పైకి చూశాడు. నేను ఉన్నదే జానెడు, కాబట్టి త్వరగానే అయిపోయింది. "వాయిద్యాన్ని కాలితో తొక్కడమేమిటే! పొరపాటున తగిలితేనే కళ్లకద్దుకుంటామే!"

"పద్యనాటకాల్లో మీరు కాళ్లతో గాలి కొట్టే లెగ్ హార్మనీ తొక్కలేదా నాన్నా?"

కుర్రతనంలో తొక్కాడు మరి, అదీ తెనాలిలోనే. మాస్టారు పేపరు తెరిచాడు.

ఆ తర్వాత మా సాధన మొదలైంది. హైమ చేతులకు పాట వచ్చు, కాలికి రాదు. చేయి ముందు పోయేది, కాలు వెనక మిగిలేది. కాలికి అలవాటు కావాలని వంటింట్లో కూర కలుపుతూ కూడా గచ్చు మీద మడమ ఆనించి వేళ్లు నొక్కేది. మొగుడి స్కూటరు వెనక కూర్చుని నొక్కిందట. బ్రేకు వేయమంటోందేమోనని ఆయన నడిరోడ్డు మీద ఆపేశాడట. మాస్టారు సాధన జరిగినంతసేపూ వీధి అరుగు మీదికి వెళ్లిపోయేవాడు. ముందే వింటే తీర్పు చెడుతుందని ఆయన నియమం. ఇలాంటి మనిషి న్యాయమూర్తి అయితే కూతురికి గుండెదడ ఉండదా!

పెళ్లి రోజు వచ్చింది. పగటి ముహూర్తం, తెనాలిలోనే. పెళ్లికూతురు పేరు మనోజ్ఞ. అత్తవారిల్లు పుట్టింటికి మూడో సందు. ఆ పిల్లకు ఏడుపు రావడానికి కారణమే లేదు. ఉదయం నుంచీ నవ్వుతూనే ఉంది. "కాస్త దిగులుగా ఉండవే, ఫోటోలు పాడవుతాయి," అని మేనత్త బతిమాలుతోంది. బెనర్జీ నా వైపు వంగి, "ఇవాళ నీ ఖర్మ ఎలా ఉందో!" అన్నాడు. మంచివాడే. కుర్చీ తీసేయాలన్న సరదా ఆయనకూ లేదు, కానీ బటన్ ఉందిగా.

అప్పగింతలు మొదలయ్యే వేళకు ఫోటోగ్రాఫరు అడ్డం పడ్డాడు. పైన డ్రోను ఎగరాలట, అది ఎగరనంటోందట. మాస్టారు ముందు వరసలో ఎదురుచూసి ఎదురుచూసి, షుగరు మనిషి కదా, ఆగలేక భోజనాల హాల్లోకి వెళ్లాడు. ఆయన అటు వెళ్లాడో లేదో డ్రోను లేచింది. "కానీయండి, కానీయండి!" అని పురోహితుడు తొందరపెట్టాడు. హైమ ఖాళీ కుర్చీ కేసి చూసింది. వినాల్సిన మనిషే లేడు. ఆమె పాదం నా మీద చల్లబడిపోయింది.

వేరే దారి లేక మడమ దించి మీటింది.

శివరంజని. మొదటి స్వరం ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియలేదు. వినపడేసరికే అది హాలంతా ఉంది. రెండోది దాని చేయి పట్టుకుని వచ్చింది. నా తాడు ఒక్కసారి కూడా జారలేదు, జారనివ్వలేదు. తన చేతిని తల్లి అత్తగారి చేతిలో పెడుతుండగా మనోజ్ఞ నవ్వు సగంలో ఆగింది. "ఎవరండీ అది వాయించేది? ఆపమనండి, కాటుక పోతోంది," అంటూనే తల్లిని కరుచుకుపోయింది. మూడో సందు కాస్తా ముల్లోకాల అవతలికి వెళ్లిపోయింది. మేనత్త సంతోషంగా ఏడ్చింది. బెనర్జీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పెళ్లివారు కార్ల వైపు కదిలారు. హైమ స్టేజీ మీద తలవంచుకుని ఉంది. అంత బాగా వచ్చిన పాటా వినాల్సినవాడు వినక వృథా అయింది. మాస్టారు వినలేదు కాబట్టి ఒప్పుకోలేదు, ఒప్పుకోలేదు కాబట్టి కుర్చీ లేదు. లెక్క అంతే.

అప్పుడు భోజనాల హాలు తలుపు దడాలున తెరుచుకుంది. బలరామయ్య మాస్టారు పెరుగన్నం చేత్తోనే వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

"బెనర్జీ! ఎవరయ్యా ఆ వయొలిన్? ఏ ఊరివాడు? నాతో ఒక్కమాట చెప్పకుండా తెచ్చావా?"

ఆ కోపం వెనక ఎంత దిగులుందో నేలమీద ఉన్న నాకే వినపడింది. బెనర్జీ చేయెత్తాడు. హైమ వైపు చూపించాడు. మాస్టారు చూపు కూతురి మొహం మీది నుంచి గిటారు మీదికి, అక్కడి నుంచి కిందికి, నా మీద ఆనించిన పాదం దాకా వచ్చి ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. చేతికున్న పెరుగు చుక్క చుక్కగా నేల మీద పడుతోంది, ఆయనకు తెలియడం లేదు.

హైమ గిటారుకు ఆయన ఇన్నేళ్లలో ఒక్క తప్పు కూడా పట్టలేదట. "బాగుందమ్మా" అని లేచిపోయేవాడట. వయొలిన్ శిష్యులను మాత్రం ఉతికి ఆరేసేవాడు.

"గాంధారం దగ్గర," అని గొంతు సవరించుకున్నాడు మాస్టారు, "నీ కమాను తొందరపడిందే. అంత త్వరగా ఎత్తకూడదు. అక్కడ ఇంకాస్త నిలబడాలి."

కమాను అన్నాడు. కాలు అనలేదు.

హైమ తండ్రినే చూస్తోంది. బెనర్జీ మెల్లగా చేయి చాచి కీబోర్డు స్విచ్చి ఆపేశాడు.

"చూస్తావేం? మళ్లీ వాయించు."

పెళ్లికూతురు కారెక్కి వెళ్లిపోయింది. కుర్చీలు మడుస్తున్నారు, విస్తళ్లు ఎత్తుతున్నారు. ఆ ఖాళీ హాల్లో అప్పగింతలు మళ్లీ మొదలయ్యాయి. మాస్టారు చేయి కడుక్కోవడం మరిచిపోయి కళ్లు మూసుకున్నాడు. గాంధారం దగ్గర మేం తొందరపడలేదు.