కంది కట్టె మీద బండి

ఓంప్రకాశ్ కొత్తవాడలో జంపఖానాల వ్యాపారి. కిరాయికి తెచ్చిన క్యారవాన్‌ను రాత్రిళ్లు హసన్‌పర్తి చెరువు పక్కన నిలిపి, అక్కడే వండుకుని తింటూ, పగలు అదే బండిలో భార్య పద్మలతకు చుట్టుపక్కల ఊళ్ల సన్న రోడ్లన్నీ తిప్పి చూపిస్తున్నాడు.

పొద్దున ఒకచోట రోడ్డు నిండా కంది కట్టె పరిచి ఉంది. పక్కన నిలబడ్డ ముసలామె వెండి కడియమున్న చెయ్యి ఊపింది.

"మీదికెళ్లి పోనియ్యి కొడుకా! బండి తొక్కితేనే గింజ రాల్తది."

చక్రాల కింద కాయలు పటపట పేలుతుంటే పద్మలత చిన్నపిల్లలా నవ్వింది. ముసలామె పేరు సమ్మమ్మట. కిటికీలోంచి పిడికెడు కందులు పద్మలత కొంగులో పోసి పంపింది.

తిరిగి వచ్చేసరికి ఎండ మాడ్చేస్తోంది. సమ్మమ్మ కనబడలేదు. కట్టె మాత్రం పొద్దుటికన్నా ఎత్తుగా ఉంది. ఓంప్రకాశ్ బండి పక్కకు తిప్పబోయాడు.

"అయ్యో, మీదికి ఎక్కియ్యుండ్రి! పాపం, ముసలిదానికి జర పని తప్పుతది," అంది పద్మలత. దయ చూపాలని అప్పుడే తోచింది మహాతల్లికి.

ఎక్కించాడు. కాయలు పటపట పేలాయి. ఆ వెంటనే ముందు చక్రం మెత్తటిదేదో ఎక్కి దిగింది.

పద్మలత దిగి వెనక్కి పరుగెత్తింది. ఆ రోడ్డుకు దరిదాపుల్లో చెట్టన్నది లేదు. నీడ కోసం కట్టెను ఒంటి మీదికి లాక్కుని పడుకున్న మనిషి చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఉంది. పొద్దున వాళ్లను రమ్మని ఊపిన చెయ్యే.