పట్టుగూళ్ల దీపాల దండ

వాసుదేవ పెళ్లి కోలారులో జరిగింది. కొత్త పెళ్లికూతురు జలజను చింతామణికి తెచ్చుకున్న వారంలోనే, తాలూకా కచేరీలో తనతో పనిచేసేవాళ్లకు ఇంట్లో టీ పార్టీ ఇస్తానని అతను మాట ఇచ్చేశాడు. ఆ సాయంత్రం పందిరి చుట్టూ రంగుదీపాలు వెలగాలని కూడా అతని ఆశ. యుద్ధం రోజులు. రంగు బల్బులు బెంగుళూరులోనే దొరకడం లేదు.

"వదినా, అన్న పెట్టెలో చిన్న బల్బులు ఉండాయి కదా. నువ్వు చెయ్యగలవు" అన్నాడు.

పంకజ అప్పుడు రుబ్బురోలు ముందు కూర్చుని ఉంది. ఆమె చెయ్యగలదు, నిజమే. భర్త మురళీధర చిక్కబళ్లాపురం కరెంటు ఆఫీసులో పనిచేసేవాడు. తీగలు కలపడం, పోయిన బల్బును కనిపెట్టడం ఆమెకు సరదాగా నేర్పాడు. అతను టైఫాయిడుతో పోయినప్పటినుంచి ఈ ఇంటి వంట, అంట్లు, అత్తగారి మోకాళ్లకు కాచే తైలం అన్నీ ఆమె మీదే పడ్డాయి. 'చెయ్యగలవు' అని ఎవరన్నా అంటే ఆమెకు ముందు గుర్తొచ్చేది నడుము నొప్పి.

"చేస్తాలేప్పా" అంది.

మధ్యాహ్నం అందరూ తిని నడుం వాల్చాక, ఆమె పెరటి వసారాలో పెట్టె తెరిచి కూర్చునేది. బల్బులు, వాటిని బిగించే చిన్న హోల్డర్లు బాగానే ఉన్నాయి. కానీ అన్నీ తెల్లవి. శిడ్లఘట్ట దగ్గరి పల్లెలో పట్టుపురుగులు పెంచే చౌడమ్మ, వెన్న అమ్మడానికి వచ్చినప్పుడు ఒక బుట్టెడు గూళ్లు తెచ్చిచ్చింది.

"పురుగు రెక్కలొచ్చి తొలుచుకొని పోయిన గూళ్లమ్మా. వీట్లో దారం తెగిపోయుంటాది, ఎవరూ కొనరు. ఏమన్నా చేసుకో."

పంకజ గూళ్ల కొసలు కత్తిరించి, కొన్నిటిని పసుపునీళ్లలో, కొన్నిటిని వాసుదేవ తెచ్చిన ఎర్రసిరాలో ముంచి ఆరబెట్టింది. ఒక్కో బల్బుకు ఒక్కో గూడు తొడిగింది. మధ్యలో రెండుసార్లు గోడకు ఆనుకుని, కత్తెర చేతిలో ఉండగానే కునికింది.

పార్టీకి ముందురోజు అత్తగారు అంబుజాక్షి వచ్చి దగ్గర కూర్చుంది.

"రేపు సాయంత్రం నువ్వు వెనకింట్లోనే ఉండమ్మా. కొత్త పెళ్లికూతురు ఉండాది. కచేరీవాళ్ల ఇండ్లల్లోని ఆడోళ్లంతా వస్తాండారు. తప్పుగా అనుకోవద్దు."

పంకజ తప్పుగా అనుకోలేదు. అనుకోవడానికి కూడా ఓపిక కావాలి.

మర్నాడు పొద్దున్నుంచీ బోండాలు, తీపికి కేసరిబాత్. దీపాల దండను వాసుదేవ స్నేహితులు పందిరికి కట్టారు. చీకటి పడుతుండగా స్విచ్చి వేసినట్టున్నారు, బయట చప్పట్లు వినిపించాయి. పంకజ వెనకింట్లో చాప మీద వాలింది. కళ్లు మూతపడుతుండగానే చప్పట్ల స్థానంలో గోల మొదలైంది.

అంబుజాక్షి లాంతరుతో గుమ్మంలోకి వచ్చింది.

"అన్నీ ఒక్కసారే ఆరిపోయినాయి, పంకజా. ఏమైంది?"

"ఒక బల్బు పోయుంటాది అత్తా. ఒకటి పోతే దండంతా ఆరిపోతాది."

"ఎట్ల చెయ్యాల్నో చెప్పు, వాసుకు చెప్తా."

"చెప్తే అయ్యే పని కాదు. నేనే చూడాల."

అంబుజాక్షి తడబడింది. "అందరూ పోయినాక చూద్దువా?"

"అందరూ పోయినాక దీపాలు ఎవరికత్తా?"

ఆ మాటలో కోపం లేదు. పంకజ లేవకుండానే, కళ్ల మీద చెయ్యి పెట్టుకుని అంది. "నాకు చాతకావడంలేదు. లేస్తే పందిట్లోకే వస్తా, అందరి ముందరే. వద్దంటే పడుకుంటా. ఏది చెప్పినా సరే."

అత్తగారు లాంతరు వత్తి పెంచింది. ఆమె కొడుకు పోయాక ఈ పిల్ల ఏదీ కావాలని అడగలేదు. ఇప్పుడూ అడగడంలేదు.

"లెయ్యి. లాంతరు నేను పడతా" అంది.

పంకజ కొంగు సర్దుకుని పందిట్లోకి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. ఎవరో పక్కావిడ చెవిలో ఏదో అన్నారు. అంబుజాక్షి అటే తిరిగి, "మా పెద్దకోడలు. దీపాలు చేసింది ఈమెనే" అంది.

స్విచ్చి తీసేయించి, పంకజ ముక్కాలిపీట ఎక్కింది. ఒక్కో బల్బు విప్పి, వాసుదేవ టార్చిలోంచి తీసిన సెల్లుకు తాకించి చూస్తోంది. వెలిగినదాన్ని మళ్లీ బిగించి, పీట జరుపుకుని, మళ్లీ ఎక్కుతోంది. ఎక్కినప్పుడల్లా పీట ఊగుతోంది. ఎవరూ పిలవకుండానే జలజ వచ్చి పీట పట్టుకుంది.

"నువ్వెందుకు, పట్టుచీర నలుగుతాది" అంది పంకజ.

"కింద పడతావక్కా" అంది జలజ. పీట వదల్లేదు.

అంబుజాక్షి ఏదో అనబోయి, లాంతరు ఇంకాస్త పైకెత్తింది.

పోయిన బల్బు దాదాపు చివర, వీధివైపు గుంజ దగ్గర దొరికింది. కొత్తది బిగించి స్విచ్చి వేయమంది. పసుపు, ఎరుపు కలిసి పందిరంతా మెత్తగా వెలిగింది. అందరి తలలూ పైకి లేచాయి. మాటలు మళ్లీ మొదలయ్యాయి. పంకజ దిగి వెనకింటివైపు రెండడుగులు వేసింది.

"యాడికి? ఇట్ల కూర్చో" అని అత్తగారు బెంచీ చూపించింది.

జలజ పళ్లెం తెచ్చి ఒళ్లో పెట్టింది. పొద్దున్నుంచీ నూనెపొగ పీల్చిన పంకజకు బోండా వాసనే గిట్టలేదు. కేసరిబాత్ కొంచెం తింది. వాసుదేవ ఎవరికో ఆమెను చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. అది పూర్తిగా వినకముందే గుంజకు తల ఆనించి నిద్రపోయింది. పలకరించబోయిన ఒకావిడను, "నిద్రపోనీమ్మా" అని అంబుజాక్షి ఆపింది.

తనను లోపలికి ఎవరు తీసుకెళ్లారో పంకజకు తెలియదు. తెల్లారి మెలకువ వచ్చేసరికి పెరట్లో గిన్నెల చప్పుడు. జలజ చీర ఎగ్గట్టి, అంట్ల గుట్ట ముందు నిలబడి ఉంది.

"అక్కా, బూడిద యాడ ఉండాది?"

పంకజ ఎక్కడుందో చెప్పింది. లేవాలనే అనుకుంది. లేవలేదు, గోడవైపు తిరిగి పడుకుంది.